జేబులో పట్టకపోతే దండగ

వీధి ఫొటోలకు రెండో కెమెరా కొనాలనుకునే కుర్రాళ్లంతా మొదట అడిగేది ఒకటే: "అన్నా, ఎన్ని మెగాపిక్సెళ్లుండాలి?" ఈ వారమూ ఒకడు అడిగాడు. వాడింట్లో పెద్ద మిర్రర్‌లెస్ కెమెరా ఉంది, దానికి మూడు లెన్సులున్నాయి. పెళ్లిళ్లకు తప్ప ఏవీ గడప దాటవు. అది చాలక ఇప్పుడు ఫ్యూజీఫిల్మ్ ఎక్స్-100 సిక్స్ కొంటాడట, లక్షకు పైగా పోసి. ఒళ్లు మండిపోయింది.

ఆ కెమెరాకు వంక పెట్టడం లేదు. 2024లో వచ్చింది, 40 మెగాపిక్సెళ్లు, ఎఫ్/2 లెన్సు, కంటికి ఆనించి చూసుకునే వ్యూఫైండరు. అన్నీ బాగున్నాయి. కానీ 521 గ్రాములు! ఏ జేబులోనూ ఇమడదు, మెడలో వేలాడాల్సిందే. వెండి రంగుదైతే అచ్చం పట్టెడ పెట్టుకున్నట్టే. ఉన్న పెద్ద కెమెరా బరువని ఇంట్లో వదిలేసేవాడు దీన్ని మాత్రం రోజూ మోస్తాడా? రెండో కెమెరాకు ఉండాల్సిన గుణం ఒక్కటే: కూరగాయలకు వెళ్లినా మనతో రావాలి.

అందుకే నా ఓటు రికో జీఆర్ త్రీకి. బ్యాటరీ, కార్డు కలిపి 257 గ్రాములు. సెన్సారు సైజు మాత్రం ఆ ఫ్యూజీదే, ఏపీఎస్-సీ. లెన్సు 28 ఎంఎం లెక్క, జూమ్ లేదు. దగ్గరగా కావాలంటే నాలుగడుగులు వెయ్యాలి. ఆ నాలుగడుగులు వెయ్యలేనివాడు వీధిలోకి ఎందుకొచ్చినట్టు?

ఇక దాని స్నాప్ ఫోకస్. దీని గురించి నన్ను కదిలించకూడదు, కదిలిస్తే ఆగను. ఫోకస్ దూరం రెండు మీటర్లని ముందే పెట్టేస్తాం. ఎఫ్/8 దగ్గర ఉంచితే మీటరు దూరం నుంచి పదిహేను మీటర్ల పైదాకా అంతా చాలినంత స్పష్టంగా వస్తుంది. మీట ఒక్కసారిగా పూర్తిగా నొక్కితే చాలు, కెమెరా వెతుక్కోదు, క్లిక్‌మంటుంది. బేగంబజార్‌లో బస్తా భుజానికెత్తుకున్న హమాలీ మనకోసం ఆగడు కదా! జపాన్‌లో ఫొటోగ్రాఫర్ డైడో మొరియామా దశాబ్దాలుగా ఈ జీఆర్ వరస కెమెరాలతోనే వీధులు గాలిస్తున్నాడు. ఆయన్ని ఎన్ని మెగాపిక్సెళ్లని ఎవరూ అడగలేదు.

లోపాలున్నాయి. బ్యాటరీ రెండొందల ఫొటోలకే చేతులెత్తేస్తుంది, ఇంకోటి జేబులో ఉండాలి. వ్యూఫైండరు లేదు, మే నెల ఎండలో తెర కనబడి చావదు. మన దుమ్ము లెన్సు సందుల్లోంచి సెన్సారు మీదికి చేరుతుంది. అయినా సరే అదే. అది దొరక్కపోయినా, కొనలేకపోయినా 2015 నాటి జీఆర్ టూ పాతది దొరికితే తీసుకోండి. దాని 16 మెగాపిక్సెళ్లు గోడకు తగిలించే ప్రింటుకు చాలు.

ఇంత డబ్బు పోస్తున్న తప్పంతా కుర్రాళ్ల మీదికి నెట్టను. 2010లో పది కోట్లకు పైగా అమ్ముడైన చిన్న కాంపాక్ట్ కెమెరాలు 2023కి ఇరవై లక్షల లోపుకొచ్చాయి. చవకవన్నీ ఫోను మింగేసింది. మిగిలిన నాలుగింటికి కంపెనీలు ఎంత చెబితే అంత ధర.

అసలు మంట ఇంకోటుంది. నగరంలో ఒక పార్కు గేటు దగ్గర నా పెద్ద కెమెరా చూసి సెక్యూరిటీ అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "కెమెరా నాట్ అలౌడ్ సార్, పర్మిషన్ లెటర్ ఉందా?" నా పక్కనుంచే రెండొందల మెగాపిక్సెళ్ల ఫోన్లు పట్టుకుని జనం లోపలికి పోతున్నారు. లోపల ప్రీ వెడ్డింగ్ షూటింగు: గొడుగు లైట్లు, పొగ డబ్బాలు, దారికడ్డంగా పరిచిన పది మీటర్ల గౌను. వాళ్లు ఫీజు కట్టారట! నడకదారి మూసేసినవాడు మర్యాదస్తుడు, చెట్టు కింద చదరంగమాడే ముసలాళ్లను ఫొటో తీసుకునేవాడు అనుమానితుడు.

రుసుము పెట్టదలిస్తే చేసే పనిని చూసి పెట్టండి. లైట్లు దించేవాడి దగ్గర, దారి ఆపేవాడి దగ్గర వసూలు చెయ్యండి, ఎవరూ కాదనరు. లెన్సు పొడవు కొలిచి మనిషిని ఆపడం ఏ చట్టం? ఈ సంగతి గేట్ల దగ్గర కూర్చున్నవాళ్లకు ఎక్కేదాకా, తమ్ముడూ, జేబులో పట్టేదే కొనుక్కో.