ఆటపెట్టెలో మన కథ యెక్కడ?

సికిందరాబాదు నుండి కరీంనగరమునకు పోవు రాచబాటపై లోతుకుంట దాటినంతనే అల్వాలు వచ్చును. పూర్వము వేంకటేశ్వరస్వామి జాతరకును, చెరువులకును పేరుపడిన యూరు. 2007లో మహానగర పాలక సంస్థలో కలిసిన పిదప మేడలకే పేరుపడినది. అచట మా మిత్రుని యింట నీ నడుమ నొక రాత్రి బస చేయవలసి వచ్చెను. ఆ రాత్రి మేము చూచినదానిని పాఠకులకు నివేదింపక తప్పదని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మిత్రుని కుమారునకు ఇరువదియైదేండ్లు. పగలెల్ల కచేరీలో పనిచేసి వచ్చి, భోజనము ముగించి, టెలివిజనునకు తగిలించిన యొక పెట్టెను మీటి దాని ముందు బాసికపట్టు వేసికొని కూర్చుండెను. దీనిని వారు కన్సోలందురు. మేము ఆటపెట్టె యనియే వ్యవహరింతుము. తెరపై తెల్లని రెల్లుపూల బయలు గానవచ్చెను. అందొక యోధుడు గుఱ్ఱమెక్కి పోవుచుండెను. త్రోవ చూపుటకు గుర్తులు లేవు. చేతిలోని కంట్రోలరుపై వ్రేలు రాచినంతనే గాలి వీచుచుండెను, రెల్లు వంగిన దిక్కే త్రోవ యగుచుండెను. పిల్లచేష్ట యని నవ్వుకొనుచు కూర్చున్న మేము ఒక గంట గడచిన సంగతి యెరుగకపోతిమి.

ఆ యాట పేరు ఘోస్ట్ ఆఫ్ సుషిమా. 2020లో వెలువడినది. మంగోలు సేనలు 1274లో జపానుదేశమునకు చెందిన సుషిమా ద్వీపముపై విరుచుకొనిపడిన వృత్తాంతమునకు కల్పన జోడించి అల్లిన కథ. కుర్రవాడు కుబ్లయిఖానుని యోడల సంగతియు, సామురాయీల కత్తుల తీరును, ఆ ద్వీపమందలి గుళ్ల సంగతియు మాకు పాఠము చెప్పినట్లు చెప్పెను. మేము ఊరకుండలేక, "ఆ 1274లో మన ఓరుగల్లును ఏలుచుండిన దెవరు నాయనా?" అని యడిగితిమి. అతడు కొంత తడవు ఆలోచించి, "తెల్వదు పెద్దనాయనా" అనెను. వంటింటిలో నుండి అతని తల్లి, "రుద్రమ్మ గాదూ!" అని కేక వేసెను.

ఆమె చెప్పినదే నిజము. 1262 మొదలు 1289 దాక కాకతీయ సింహాసనమున రుద్రమదేవియే యుండెను. సుషిమా తీరమున నిప్పుబాణములు పడుచుండిన యేట ఇచట నొక స్త్రీ రాజ్యభారము మోయుచుండెను. ఆ కుర్రవాడు సుషిమా ద్వీపమున ఏబది గంటలు తిరిగినాడు. ఓరుగల్లు కోటలో అరగంటయైన తిరుగుట కతనికి ఆటపెట్టెలో తావు లేదు. అతనిని తప్పు పట్ట మాకు మనసొప్పలేదు. తావు కల్పింపవలసినవారు వేరే యున్నారు.

మొదట ఈ వ్యసనమను మాట సంగతి తేల్చవలెను. ఆటపెట్టె యనగానే పెద్దలు మొగము చిట్లించెదరు. చదువు పాడు, కన్నులు పాడు, కాలము పాడు అనెదరు. నవలలు క్రొత్తగ వచ్చిన దినములలో నవలల గూర్చియు, సినిమాలు వచ్చిన దినములలో సినిమాల గూర్చియు నివే మాటలు వింటిమి. పత్రికలవారమును గొంతు కలిపినవారమే! ఒగ్గుకథకుడు డోలు మ్రోయించి మల్లన్న కథ యెత్తుకొన్నచో తెల్లవారు దాక కదలక కూర్చుండిన పల్లెజనము కాలము పాడుచేసికొన్నదని యెవ్వరైన ననిరా? చిందు భాగవతులు వచ్చిన వారము పొడవున నిద్ర లేకపోయినను మన తాతలు మురిసిరి కాని చింతింపలేదు. రాత్రి తెలియనీయని రసానుభవ మనునది మనకు క్రొత్తది గాదు. వేదిక మారినది, అంతియ.

ఆ కుర్రవాడు తన కిష్టమైన యాటలను గూర్చి చెప్పిన తీరు వినినచో పాఠకులు మాతో నేకీభవింతురు. 2017లో వచ్చిన జెల్డా యను నాటలో వాన కురిసినచో కొండరాయి జారునట. ఎక్కువాడు వాన వెలియు దాక ఏ గుహలోనో వేచియుండవలెనట. "మా ఊళ్లె వాన పడ్డప్పుడు గూడ ఆగుడె గద" అని నవ్వెను. 2005లో జపానువారు చేసిన షాడో ఆఫ్ ది కొలోసస్ అను మరియొక యాటలో పదునారుగురు మహాకాయులను చంపవలెను. ఒక్కొక్కడు కూలినపుడు గెలిచితినను సంతోషము గలుగదనియు, తప్పు చేసితినను బాధయే గలుగుననియు అతడు చెప్పెను. వీరమని మొదలిడి కరుణమున ముగియు కావ్యము నెరిగిన జాతివారము. ఇట్టిదానిని వట్టి కాలక్షేపమని త్రోసివేయ మనకు తగునా?

దీని వలన కీడు లేదని మేమనము. ప్రపంచారోగ్యసంస్థ 2019లో ఆటలపై అదుపు తప్పిన యాసక్తిని వ్యాధుల పట్టికలో జేర్చినది. నిద్ర మాని, పని మాని కూర్చున్నచో ఏదైనను చెరుపే. ఆ తల్లి రాత్రి పండ్రెండు గంటలకు కేక వేయుట న్యాయమే. అయితే, మన ప్రజలలో నొక గొప్ప పొరపాటు వ్యాపించి యున్నది. దానిని మాత్రము సహింపరాదు. అది ఆటను జూదముతో కలుపుట.

మన భాషలో ఆట వేరు, జూదము వేరు. ఆంగ్లమున గేమింగను నొక్క మాట రెంటికిని చెల్లును. 1974 నాటి మన గేమింగు చట్టము నిజమునకు జూదపు చట్టము. 2017లో తెలంగాణ ప్రభుత్వము దానిని సవరించి డబ్బొడ్డి పెట్టు ఆన్‌లైను రమ్మీని సైతము నిషేధించినది. అది మేలే యయ్యెను. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము ఇంకను స్పష్టముగ, ధనమొడ్డు నాటలను నిషేధించుచు, ఒడ్డులేని యాటలను ప్రోత్సహింపదగినవిగ వేరుపరచినది. చట్టము వేరుపరచినను మన వీధియరుగులు వేరుపరచలేదు. చేతిఫోనులో పేకాడి అప్పుల పాలయిన వానిని, వెల యిచ్చి కొన్న డిస్కుతో ఇంట కూర్చుండి కథ నడుపుకొను వానిని ఒక్క త్రాట కట్టుచున్నాము. ఒకడు ఆశకు చిక్కినవాడు, మరియొకడు కథకు చిక్కినవాడు. ఈ రెండు చిక్కులు నొకటి గావు.

ఇక మా ముఖ్యమైన ఫిర్యాదునకు వత్తుము.

మన దేశమున పూర్తిగ నిర్మితమై కన్సోలుపై వెలువడిన మొదటి యాట యెచట పుట్టినదో పాఠకులలో నెందరెరుగుదురు? టోకియోలో గాదు, బొంబాయిలోను గాదు, మన హైదరాబాదులో! 2009లో అరోనా టెక్నాలజీస్ అను నగర సంస్థ నిర్మింపగా, సోనీవారు ప్లేస్టేషన్ 2 పెట్టెకు "హనుమాన్: బాయ్ వారియర్" అను పేర వెలువరించిరి. ఆ సంవత్సరముననే గేమ్‌శాస్త్ర యను మరియొక హైదరాబాదు సంస్థ గిల్లిదండ, కబడ్డి, గాలిపటములు మున్నగు మన వీధియాటలను గూర్చి "దేశీ అడ్డా" అను దానిని చేసినది. ఒక్క యేట రెండు. ఎంత శుభారంభము!

హనుమంతుని యాట లోపములు లేనిది గాదు. తొమ్మిదేండ్లనాటి పాతపెట్టెకై, స్వల్ప ధనముతో చేసినది. దానికి తోడు దేవుని ఆటగాని చేతికిచ్చుట అపచారమని విదేశమందలి హిందూ ప్రముఖులు కొందరు ఆక్షేపించిరి. వారి భక్తిని మేము శంకింపము గాని, వారు తోలుబొమ్మలాటను చూచినవారు గారని మాత్రము తోచుచున్నది. తెర వెనుక బొమ్మలాటవాడు కఱ్ఱపుల్ల పట్టి హనుమంతుని ఎగిరించును, దుమికించును, లంకను తగులబెట్టించును. ఎదుట జనము చేతులు జోడించును. హనుమంతుడు మనిషి చేతికి వచ్చి యెన్ని వందల యేండ్లయినదో! లోపములున్నచో దిద్దుకొని రెండవది చేయవలెను, మూడవది చేయవలెను. మనము మొదటిదానినే మరచితిమి.

ఇప్పుడు చీనావారి సంగతి వినుడు. ఆ దేశమున 2000లో ఆటపెట్టెల యమ్మకమునే నిషేధించిరి. ఆ నిషేధము 2015 నాటికి గాని పూర్తిగ తొలగలేదు. మన హనుమంతుడు వెలువడిన దినమున చీనాలో ఆటపెట్టెను చట్టప్రకారము కొనుటకే వీలు లేదు. అట్టి దేశమందలి గేమ్ సైన్స్ అను సంస్థ వారి వానరవీరుడగు సున్ వూకాంగును తీసికొని "బ్లాక్ మిత్: వూకాంగ్" అను నాటను 2024 ఆగస్టు 20వ తేదీన విడుదల చేసెను. మూడు దినములలో కోటి ప్రతులు చెల్లినవి. షాన్సీ ప్రాంతపు ప్రాచీన దేవాలయములను, శిల్పములను ఉన్నవి యున్నట్లు కొలిచి ఆటలో నిలిపిరి. వానిని చూడ జనము తండోపతండములుగ ఆ ప్రాంతమునకు పయనమైరి. ఆ వానరుడు మన హనుమంతునకు చుట్టమని పండితులలో కొందరి యభిప్రాయము. చుట్టము లోకము జయించెను. ఇంటివాడు అటకపై నున్నాడు.

జపాను సంగతి చెప్పనే యక్కరలేదు. జెల్డా నిచ్చిన నింటెండో సంస్థ 1889లో క్యోటో పట్టణమున చేతితో చీట్లపేకలు చేయు దుకాణముగ మొదలయినది. సుషిమా యాటను చేసినవారు మాత్రము అమెరికావారు. అయినను ఆ ద్వీపవాసులు చిన్నబుచ్చుకొనలేదు. 2021లో ఆ యాట దర్శకుల నిద్దరను తమ ద్వీపమునకు ప్రచారదూతలుగ గౌరవించిరి. అంతకు ముందేడు తుపానులో కూలిన యొక దేవాలయపు తోరణమును నిలుపుటకు చందాలు వేయగా, ఆటను ప్రేమించినవారు తలయొక చేయి వేసి కోరినదానికి అయిదింతలకు పైగ సొమ్ము పోగుచేసిరి. ఆ ద్వీపమును కంట చూడనివారు దాని గుడి కట్టించిరి! మన కోటలో నాలుగు దిక్కుల నిలిచిన కాకతీయ తోరణములను, 2021లో ప్రపంచ వారసత్వపు గౌరవము పొందిన రామప్పను లోకమున నెందరు యువకులు ఇట్లు ప్రేమించుచున్నారు?

నేర్పు లేదనరాదు. 2015లో బాహుబలి చిత్రమునకు మాహిష్మతిని కట్టి చూపినవారిలో ఈ నగర కళాకారులు లేరా? ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వంటి పరదేశపు ఆటల కంపెనీలకు ఇచట కార్యాలయములున్నవి. 2022 మొదలు 2024 దాక దేశమందలి ఆటనిర్మాతల మహాసభలు వరుసగ మూడేండ్లు హైదరాబాదుననే జరిగినవి. ప్రభుత్వమును ఊరకుండలేదు: 2016లో ఆటల పరిశ్రమకు నొక విధానము ప్రకటించినది, 2017లో రాయదుర్గమున ఇమేజ్ టవరు అను మేడకు శంకుస్థాపన చేసినది. మేడలు కట్టుట మనకు బాగుగ వచ్చును. మేడలో కూర్చుండి యెవరి కథ చెప్పుదుమన్నదే ప్రశ్న. మన చెట్లను, మన చేతులను పరుల కథలకు కూలికిచ్చుచు, రాత్రి యింటికి వచ్చి ఆ కథలనే వేల రూపాయలు పోసి కొనుచున్నాము. పీఎస్5 పెట్టె 2021లో మన దేశమున విడుదలైనపుడు వెల 49,990 రూపాయలు. క్రొత్త యాట డిస్కు 4,999 రూపాయల దాక నుండెను. దూదినిచ్చి బట్ట కొనుటను గూర్చి మన పెద్దలు చెప్పిన మాటలు పాఠకులకు జ్ఞాపకముండును.

ఆ వెల కారణముననే అల్వాలు కుర్రవాడు పాత డిస్కులు కొనును, ఆడి ముగించి మార్చుకొనును. నలుగురు మిత్రుల నడుమ నొక్క డిస్కు తిరుగును. ఇది చూచిన మాకు పఠనమందిరములు జ్ఞాపకము వచ్చినవి. ఒక్క పత్రికను నలువదిమంది చదువుకొన్న జాతి మనది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించినవారు పుస్తకము కొనలేనివానికి పుస్తకమందవలెనని తలచిరి. హెల్సింకి నగరమున 2018లో తెరచిన ఊడీ గ్రంథాలయమున పుస్తకములతో పాటు ఆటపెట్టెలను నుంచిరి. మన ఆస్తిపన్నుతో గూడ గ్రంథాలయపు సుంకము రూపాయికి ఎనిమిది పైసలు వసూలగుచున్నదే! అందులో నొక్క కాసు వెచ్చించి జిల్లాకొక గ్రంథాలయమున నొక గది, రెండు ఆటపెట్టెలు, మంచి యాటలు ఇరువది ఉంచినచో నష్టమేమి? ఆ గది గోడకు కాకతీయుల వంశవృక్షమును తగిలించిన మేలు. అచటికి వచ్చు బాలురలో నొకడైనను రేపు ఆట చేయువాడు గావచ్చును.

ఆట చేయుటకు కోట్లు గావలెనందురు, నిజమే. ఆటలోని మాటలను తెలుగులో వ్రాయించుటకు కోట్లక్కరలేదు. అట్టి యాటలో నొక నవలకు తగినంత సంభాషణ యుండును. జపాను భాషలోని మాటలు ఆంగ్లము, ఫ్రెంచి, పోలిషు భాషలలోనికి పోవుచున్నవి. తెలుగక్షరములు తెరపై కానవచ్చుట అపురూపము. ఎనిమిది కోట్లకు పైబడిన తెలుగువారిలో కొనువారు లేరా, అనువదించువారు లేరా? పట్టణమునకు పదుగురు చొప్పున మంచి అనువాదకులు పనిలేక యున్నారు. విశ్వవిద్యాలయపు తెలుగు శాఖలు ఈ పనిని శిక్షణాంశముగ చేర్చుకొనవలెను. ఆటలమ్ము సంస్థలకు మన ప్రభుత్వములు గట్టిగ విన్నవింపవలెను. కొనువారు సైతము అడుగుట నేర్వవలెను. అడుగనివానికి వడ్డించువారు లేరు.

ఆ రాత్రి రుద్రమ్మ పేరు చెప్పిన తల్లి చేయి తుడుచుకొని వచ్చి కుమారుని ప్రక్కన కూర్చుండెను. తెరపై ముసలి సామురాయి యొకడు యోధునితో నేదో చెప్పుచుండెను. "ఏమంటున్నడురా ఆయన?" అని యడిగెను. కుమారుడు చెప్పెను. మరల నడిగెను, చెప్పెను. మూడవమారును చెప్పెను. నాలుగవమారడుగు నప్పటికి శత్రువులు చుట్టుముట్టిరి, అతడు పలుకలేదు. ఆమె కొంతసేపు చూచి, లేచి లోపలికి పోయెను.