మానేసినవాడి గంట

బస్తర్‌లో మార్చి, ఏప్రిల్ వచ్చాయంటే తెల్లారకముందే ఇప్పచెట్ల కింద బుట్టలు కనిపిస్తాయి. రాలిన పువ్వును ఎండబెట్టి సంతలో అమ్మితే డబ్బు, పులియబెట్టి కాస్తే సారా. జీలుగు కల్లు సరేసరి, దాన్నక్కడ సల్ఫీ అంటారు. పెళ్లయినా చావైనా తొలి చుక్కలు దేవుడికి, గతించిన పెద్దలకు. తాగడం అక్కడ నలుగురి పని, ఒక రకంగా ప్రార్థన కూడా.

అందుకే బానిసై, మానేయాలనుకున్న వాడికి చిక్కు రెండింతలు. సారాతో పాటు పందిట్లో నలుగురి పక్కన తన చోటునూ వదులుకోవాలి.

1970వ దశకం తొలి ఏళ్లలో బాబా బిహారీదాస్ ఈ ముడిని అందరి చేతా ఒకేసారి విప్పించాలని చూశారు. 1966లో జగదల్‌పూర్ రాజమహలులో పోలీసు కాల్పుల్లో చనిపోయిన ప్రవీర్ చంద్ర భంజ్ దేవ్‌ను తానేనన్నారు. మాంసం, మద్యం మాని మెడలో కంఠి వేసుకోమన్నారు. వేల మంది వేసుకున్నారు. కానీ గుంపు ఇచ్చే బలం గుంపు ఉన్నంతసేపే. రాత్రి ఇల్లు చేరాక తలపులతో పోరాడేది ఒక్కడే.

ఆ ఒక్కడికి పనికొచ్చే మాట చెప్పినవారు నేటి ఉక్రెయిన్‌లోని బ్రాత్స్లావ్ యూదు గురువు నాఖ్మన్ (1772-1810). రోజూ ఒక గంట ఏకాంతంగా, వీలైతే అడవిలోనో పొలంలోనో, దేవుడితో మాట్లాడమన్నారు. అదీ ప్రార్థనల హీబ్రూలో కాదు, ఇంట్లో మాట్లాడే భాషలో. ఈ సాధన పేరు హిత్‌బోదెదుత్. మాట పెగలకపోతే పెగలడం లేదన్న సంగతే చెప్పుకోమన్నారు. వ్యసనం అబద్ధాల మీద బతుకుతుంది. తన అబద్ధాన్ని తన చెవులతో వినడం దానికి తొలి దెబ్బ.

అయితే ఏకాంతం ఒక్కటే మందు కాదు. ఏళ్ల తరబడి విపరీతంగా తాగినవారు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు, డాక్టరు తప్పనిసరి. 1935లో అమెరికాలో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ తన అయిదో మెట్టులో తప్పులను దేవుడి ముందు, తన ముందు, మరో మనిషి ముందు ఒప్పుకోమంటుంది. ఆ మూడోది మరవకూడదు.

బస్తర్‌లో అడవి ఉంది. మనసు విప్పడానికి గోండి, హల్బీ ఉన్నాయి. ఇక కావలసింది ఆ గంట ముగించుకుని వచ్చినవాణ్ని పందిట్లోకి పిలిచి, ఆకుదొప్పలో మంచినీళ్లు పోసే ఊరు.