ఖాళీ చోటు వేరు, తగిన చోటు వేరు

ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీని ఎవరూ మంచం పక్కన పెట్టుకోరు. గాలి ఆడే వరండాలోనో, మెట్ల కిందో ఓ మూల చూస్తారు. అదే మనిషి తన థార్‌కో జిమ్నీకో రెండో బ్యాటరీ పెట్టించాలనుకుంటే మాత్రం, "ఖాళీ ఎక్కడుంది?" అని ఒక్కటే అడుగుతాడు. ఆస్ట్రేలియా వాళ్లూ మొదట అదే అడిగారు. ఎడారి దారుల్లో దెబ్బలు తిన్నాక వాళ్ల ప్రశ్న మారింది.

అక్కడ రెండో బ్యాటరీ సరదా సామాను కాదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో విలూనా నుంచి హాల్స్ క్రీక్ దాకా సాగే కానింగ్ స్టాక్ రూట్ సుమారు 1,850 కిలోమీటర్లు. రోజుల తరబడి ఊరు తగలదు. కూరలు, మాంసం అన్నీ బండిలోని 12 వోల్టుల ఫ్రిజ్‌లోనే. అది రాత్రంతా ఇంజిన్ బ్యాటరీని లాగేస్తే తెల్లారి సెల్ఫ్ అందుకోదు, తోయడానికి మనిషి దొరకడు. అందుకని స్టార్టింగ్‌కి ఒకటి, మకాం అవసరాలకి ఒకటి.

పాత ల్యాండ్ క్రూజర్, పట్రోల్ బళ్లలో బానెట్ కింద చోటు దండిగా ఉండేది. రెండోది అక్కడే బిగించారు. మధ్యలో ఒక రిలే. ఇంజిన్ నడుస్తూ వోల్టేజీ సుమారు 13.3 దాటగానే రెండు బ్యాటరీలనూ కలుపుతుంది, బండి ఆపాక విడదీస్తుంది. కేబుల్ పొట్టి, డిక్కీ ఖాళీ. నీళ్లు పోసే బ్యాటరీ ఛార్జింగ్‌లో విడిచే హైడ్రోజన్ బయటి గాలిలో కలిసిపోతుంది. ఆ గ్యాసు మూసిన చోట 4 శాతానికి చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు.

అయితే బానెట్ కింద వేడి ఉంటుంది. పది డిగ్రీలు పెరిగితే లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు సగానికి పడిపోతుందని ఆ వృత్తిలో ఒక మోటు లెక్క. మామూలు లిథియం బ్యాటరీ ఆ వేడికి తగింది కాదు. పైగా టర్బో గొట్టాలతో కిక్కిరిసిన కొత్త ఇంజిన్ల పక్కన జాగా లేదు. కొత్త ఆల్టర్నేటర్లు ఇంధనం ఆదా కోసం వోల్టేజీ తగ్గించేస్తాయి కాబట్టి రిలే ఒక్కటే సరిపోదు, తగ్గిన వోల్టేజీని పెంచి బ్యాటరీకి అందించే డీసీ-డీసీ ఛార్జర్ కావాలి. అలా బ్యాటరీ వెనక్కి నడిచింది: డిక్కీకి, సీటు వెనక్కి, పికప్ బండి తొట్టిలోకి.

వెనక్కి వెళ్లాక కొత్త తలనొప్పులు వచ్చాయి. అయిదు మీటర్ల దూరానికి, అంటే రానూపోనూ పది మీటర్లకు, 6 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వేసి 20 ఆంపియర్లు పంపితే అర వోల్టుకు పైగా దారిలోనే పోతుంది. 16 వేస్తే నష్టం పావు వోల్టు లోపే. ఆ కేబుల్ ఎక్కడైనా బాడీకి ఒరుసుకుని తెగితే మంటే. కరెంటు రెండు వైపుల నుంచీ వస్తుంది కనుక రెండు బ్యాటరీల దగ్గరా ఫ్యూజు ఉండాలి. నీళ్లు పోయనక్కర్లేని ఏజీఎం రకం లెడ్ యాసిడ్ బ్యాటరీ వంద ఆంపియర్-అవర్లదైతే సుమారు 30 కిలోలు ఉంటుంది. బెల్టుతో కట్టి సరిపెడితే ప్రమాదంలో అది ఎగిరొచ్చి తగిలేది ముందు కూర్చున్నవాళ్లకే. ఉక్కు ఫ్రేముతో బాడీకి బోల్టు వేయాలి. నీళ్లు పోసే రకాన్ని మనుషులు కూర్చునే చోట పెట్టకూడదు. పెట్టక తప్పకపోతే, మూసిన పెట్టెలో ఉంచి గొట్టంతో గ్యాసును బయటికి పంపాలి.

ఇందులో మనకు పనికొచ్చేది ఇప్పుడు వాళ్లు ప్రశ్నలు వేసే క్రమం. ముందు ఏ రకం బ్యాటరీయో తేల్చి, అది వేడిని ఎంత ఓర్చుకుంటుంది, గ్యాసు విడుస్తుందా, బరువెంత, ఫ్రిజ్ ఎంత దూరం అని అడుగుతారు. చోటు చివర్లో దానంతట అదే తేలుతుంది. రెంటచింతల ఎండల్లో తిరిగే బండికి బానెట్ కింద లిథియం వద్దు. లడఖ్ చలికి వెళ్లేవారు ఇంకోటి చూసుకోవాలి: సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేస్తే లిథియం సెల్ దెబ్బతింటుంది. వేడి చేసుకునే ఏర్పాటైనా, చలికి ఛార్జింగ్ ఆపే ఏర్పాటైనా ఉన్నదే కొనాలి.

ఆస్ట్రేలియా అవసరాన్ని మాత్రం అరువు తెచ్చుకోనక్కర్లేదు. మారేడుమిల్లికో అరకుకో రెండు రోజులు వెళ్లొచ్చేవారికి దారిలో టీ కొట్టూ ఉంది, ప్లగ్గూ ఉంది. వాళ్లకు చేత్తో మోసుకెళ్లే పవర్ స్టేషన్ చాలు. వైరింగు కోయక్కర్లేదు, వారంటీ గొడవా ఉండదు. రోజుల తరబడి అడవుల్లో, కొండల్లో మకాం వేసేవారే రెండో బ్యాటరీ పెట్టించుకోండి. ఆటో ఎలక్ట్రీషియన్ బానెట్ ఎత్తి చోటు వెతకబోతే ఒక్క నిమిషం ఆపి, ముందు బ్యాటరీ రకం తేల్చమనండి.