జడలు వాటంతట అవే కడతాయి

తెలుగులో జడ వేసుకుంటాము. జడలు మాత్రం కడతాయి. మొదటిదానికి చేతులు కావాలి, దువ్వెన కావాలి, వెనుక కూర్చుని చిక్కు తీసే ఓపికగల అమ్మమ్మ కావాలి. రెండవదానికి ఎవరూ అక్కరలేదు, జుట్టును దాని మానాన వదిలివేస్తే చాలు. ఈ తేడా మన భాషకు ఏనాటి నుంచో తెలుసు. అమెరికాలోని పదకొండవ సర్క్యూట్ అప్పీళ్ళ న్యాయస్థానానికి మాత్రం 2016 నాటికి కూడా తెలియలేదు.

ఆ కథ ఇది. 2010లో అలబామా రాష్ట్రంలోని మొబీల్ నగరంలో చాస్టిటీ జోన్స్ అనే నల్లజాతి యువతి కెటాస్ట్రఫీ మేనేజ్‌మెంట్ సొల్యూషన్స్ అనే సంస్థలో ఉద్యోగానికి వెళ్ళింది. నీలిరంగు సూటు, పొట్టి జడలు కట్టిన జుట్టు. ఆ జుట్టుతోనే ఇంటర్వ్యూ జరిగింది, ఎవరూ ఏమీ అనలేదు, ఉద్యోగం ఇస్తామన్నారు. తరువాత మానవవనరుల అధికారిణి ఒకామె అవి డ్రెడ్‌లాక్సేనా అని అడిగి, అవి ఉంటే కుదరదన్నది. అటువంటి జుట్టు చిందరవందరగా తయారవుతుందట. నీది అలా ఉందని కాదు సుమా, అని కూడా అన్నదట! జోన్స్ కత్తిరించుకోనన్నది. ఉద్యోగం పోయింది.

ఇంతకీ ఆ ఉద్యోగం ఏమిటి? ఒక పెద్ద గదిలో కూర్చుని ఫోనులో ఖాతాదారులకు సమాధానం చెప్పడం. అవతలివారికి వినిపించేది గొంతు ఒక్కటే. కనిపించని జుట్టు ఆ సంస్థ పరువును ఏ దారిన తీయగలదో నాకు బోధపడదు. సంస్థ నియమావళిలో డ్రెడ్‌లాక్స్ అన్న మాటే లేదు. వృత్తికి తగిన రూపం ఉండాలని, మితిమీరిన కేశాలంకరణలు, వింత రంగులు కూడదని ఉంది, అంతే. ఏది మితమో నిర్ణయించేది బల్లకు అటువైపు కూర్చున్నవారు.

సమాన ఉద్యోగావకాశాల సంఘం ఆమె పక్షాన 2013లో దావా వేసింది, ఓడింది. అప్పీలులోనూ ఓడింది. చట్టం రక్షించేది పుట్టుకతో వచ్చిన, మార్చుకోలేని లక్షణాలనే గాని సాంస్కృతిక అలవాట్లను కాదన్నారు. ఆఫ్రో అయితే సహజం గనుక రక్షణ ఉండవచ్చు, జడలు కేవలం ఒక శైలి గనుక లేదు. అంటే అదే జుట్టు గుండ్రంగా పెరిగితే జాతి, నాలుగు పాయలుగా అల్లుకుంటే సరదా! చాలామంది చేతితో మెలిపెట్టి జడలకు రూపమిస్తారన్న మాట నిజమే. కాని బిగుతుగా చుట్టలు తిరిగే జుట్టు ఎవరూ ముట్టకుండానే పెనవేసుకుంటుంది. అదే పనిని నా సాదా జుట్టు నెలల తరబడి వదిలివేసినా ఆ తీరున చేయదు. ఇందులో జాతికి సంబంధం లేదనడానికి ఎంత న్యాయశాస్త్రం చదివి ఉండాలో!

ఈ తర్కానికి పాత వంశవృక్షం ఉంది. 1981లో న్యూయార్కులో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగిని రెనీ రోజర్స్ తలంతా సన్నజడలు అల్లుకున్నందుకు అభ్యంతరం చెబితే, ఆమె కోర్టుకు వెళ్ళి ఓడిపోయింది. బో డెరెక్ అనే తెల్లజాతి నటి ఒక సినిమాలో ఆ అలంకరణకు ప్రచారం తెచ్చిన తరువాతనే ఈమె అల్లుకున్నదన్న సంగతిని న్యాయమూర్తి పరిగణనలోకి తీసుకున్నారు. అమ్మమ్మల కాలం నాటి జడలకు హక్కుదారు నిన్నటి తారామణి.

"ఉద్యోగం కావాలంటే కత్తిరించుకోవచ్చు కదా" అనేవారు మనలోనూ ఉన్నారు, అమెరికాలో స్థిరపడినవారిలో మరీను. ప్రాంగణ నియామకాల ముందురోజు మంగలి దుకాణం ముందు వరుస కట్టినవాళ్ళం కనుక మనకు అది సహజంగా తోస్తుంది. కాని మన క్రాపు ఆర్నెల్లలో మళ్ళీ పెరుగుతుంది. వాళ్ళ జడలు ఏళ్ళ పెంపకం. సోమవారం విప్పి శుక్రవారం వేసుకునేవి కావు, గొరిగితే పోయినట్లే. పోయాక ఏమిటి? ఆ జుట్టును "తగిన రూపానికి" తేవాలంటే రసాయనం పూయాలి, లేదా వేరొకరి జుట్టు కుట్టించుకోవాలి. ఆ రసాయనాలలో కొన్నింటిలో ఉండేది సోడియం హైడ్రాక్సైడు, మనం కాస్టిక్ సోడా అంటామే, అదే. జుట్టును సాపుచేసే రసాయనాలను తరచుగా వాడే స్త్రీలలో గర్భాశయ క్యాన్సరు ఎక్కువగా కనిపించిందని 2022లో ఆ దేశపు జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులే ప్రకటించారు.

ఇక వేరొకరి జుట్టు. అది ఎక్కడిదనుకున్నారు? అందులో కొంత మనదే. తిరుమల కల్యాణకట్టలో భక్తులు అహంకారంతో పాటు అర్పించిన తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుంది. అవి విగ్గులై, సవరాలై సముద్రాలు దాటుతాయి. క్రిస్ రాక్ 2009లో తీసిన "గుడ్ హెయిర్" అనే డాక్యుమెంటరీ ఈ దారి వెంట మన దేశం దాకా వచ్చింది. ఇక్కడ ఒకామె దేవుడికి ఇచ్చి తేలికపడిన జుట్టును, అక్కడ ఒకామె కొలువు కోసం తలకు కుట్టించుకుని మోస్తుంది. జటాజూటధారికి చేతులెత్తి మొక్కే మనం, అదే జుట్టు దరఖాస్తుదారు తలపై కనిపిస్తే శుభ్రత గురించి ఉపన్యాసం ఇస్తాము. (శివుడికి ఉద్యోగం అక్కరలేదు గనుక సరిపోయింది.)

నియమాలే వద్దని నేననడం లేదు. తిరిగే యంత్రం దగ్గర జుట్టు ముడిచి కట్టాలి, శస్త్రచికిత్స గదిలో కప్పుకోవాలి. ఆ నియమం పని నుంచి పుట్టింది, అందరి తలకూ ఒకటే. ఫోను ఎత్తేవారి తలపై పెట్టిన నియమం ఏ పని నుంచి పుట్టింది?

కాలిఫోర్నియా 2019లో క్రౌన్ చట్టం తెచ్చి జడలను, అల్లికలను జాతి నిర్వచనంలో చేర్చింది. ఇరవైకి పైగా రాష్ట్రాలు ఆ బాట పట్టాయి. దేశమంతటికీ వర్తించే బిల్లు 2022లో ప్రతినిధుల సభలో నెగ్గి, సెనేట్‌లో ఆగిపోయింది. చట్టం వచ్చిన చోటా కంతలున్నాయి: టెక్సాస్‌లో జడలున్న విద్యార్థిని తరగతికి దూరంగా ఉంచిన పాఠశాల, మా అభ్యంతరం జడలకు కాదు, పొడవుకు అన్నది, 2024లో అక్కడి న్యాయమూర్తి సరేనన్నారు. జోన్స్ విషయానికి వస్తే, ఆమె మొరను వినడానికి సుప్రీంకోర్టు 2018లో నిరాకరించింది.

చదువరులలో నియామకాల బల్లకు అటువైపు కూర్చునేవారు కొందరున్నారని నాకు తెలుసు. మీ సంస్థ నియమావళిలో "వృత్తికి తగిన రూపం" అన్న మాట ఉంటే, దాని పక్కన "ఏ పనికి?" అని వ్రాసి పైవారికి పంపి చూడండి. జవాబంటూ వస్తే నాకూ తెలియజేయగలరు.