కొబ్బరి తెల్లదోమపై ఊరంతా కలిసి కదలాలి



తెల్లదోమ ఉధృతంగా ఉన్న రోజుల్లో కోనసీమ కొబ్బరి తోటలోకి అడుగుపెడితే ముందుగా కళ్లబడేది మసి. కింది మట్టలు, వాటి నీడన పెరిగే అరటి, కోకో ఆకులు అన్నీ పొగచూరినట్టు నల్లబడి ఉంటాయి. కారణం పై మట్టల్లో ఉంటుంది. ఆకును తిప్పి అడుగు భాగం చూస్తే తెల్లటి మైనపు పొడి, అందులో చుట్టలు చుట్టలుగా పెట్టిన గుడ్లు, కదలకుండా అతుక్కుని రసం పీల్చే పిల్ల పురుగులు కనిపిస్తాయి. అవి విసర్జించే తియ్యటి జిగురు కింది ఆకుల మీద పడుతుంది. దాని మీద మసి మంగు పెరుగుతుంది. మసి కప్పిన ఆకుకు ఎండ తగలదు, ఆహారం తయారు చేసుకోలేదు. చెట్టు వెంటనే చచ్చిపోదు గానీ నీరసించిపోతుంది. ఆ నష్టం రైతుకు దింపులో తెలుస్తుంది.

ఈ సర్పిలాకార తెల్లదోమ ఇక్కడి పురుగు కాదు. సొంత ఊరు మధ్య అమెరికా. బెలిజ్ దేశంలో సేకరించిన నమూనాలను పరిశీలించి 2004లో దీనికి శాస్త్రీయ నామం పెట్టారు. 2009 నాటికి అమెరికాలోని ఫ్లోరిడాలో తాటి జాతి చెట్లను పట్టుకుంది. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి, కేరళలోని పాలక్కాడ్ తోటల్లో బయటపడింది. అదే ఏడాది చివరికి రాజమహేంద్రవరం దగ్గరి కడియం ప్రాంతానికి చేరింది. అక్కడి నుంచి కోనసీమకు, పశ్చిమ గోదావరి ఆయిల్‌పామ్ తోటలకు పాకింది. కొబ్బరితో ఆగే పురుగు కూడా కాదు. అరటి, జామ, మామిడి, సీతాఫలంతో పాటు వందకు పైగా మొక్కల మీద బతకగలదు.

ఇన్నేళ్లుగా దీని మీద జరిగిన ప్రయత్నాలు చాలావరకు ఒక్కో రైతు తన తోటలో విడిగా చేసినవే. ఫలితం నిలవకపోవడానికి మూలం అక్కడే ఉంది. ఎకరం, అరెకరం తోట ఉన్న రైతు సంగతే చూడండి. నలభై, యాభై అడుగుల చెట్టు మీద ఆకు అడుగు భాగం తడిసేలా మందు కొట్టాలంటే పవర్ స్ప్రేయరు కావాలి, మనుషులు కావాలి. అంత ఖర్చు పెట్టి కొట్టినా పక్క తోటలో పురుగు అలాగే ఉంటే కొన్ని వారాల్లో మళ్లీ వచ్చి చేరుతుంది. అందుకే చాలామంది విసిగిపోయి వదిలేశారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. ఒంటరిగా చేస్తే నిలవని పనిని వాళ్ల నెత్తిన పెట్టిన పద్ధతినే తప్పుపట్టాలి.

ఇక ఘాటైన రసాయనాలు కొట్టడం వల్ల జరిగే నష్టం వేరే ఉంది. మందు పడగానే పెద్ద పురుగులు రాలిపోతాయి, తోట శుభ్రపడినట్టు కనిపిస్తుంది. మైనం కింద ఉన్న గుడ్లు, పిల్లలు చాలావరకు మిగిలిపోతాయి. చచ్చేది ఎవరంటే ఎన్‌కార్సియా అనే బదనిక. కంటికి సరిగా ఆనని ఈ చిన్న కందిరీగ తెల్లదోమ పిల్లల్లో గుడ్డు పెడుతుంది. దాని పిల్ల లోపలి నుంచే ఆ పురుగును తినేస్తుంది. ఈ బదనిక ఇంతకుముందు నుంచే మన దేశంలో ఉంది. తెల్లదోమ వచ్చిన చోటికల్లా తానే వచ్చి చేరుతోంది. పైసా ఖర్చు లేకుండా పనిచేస్తున్న ఈ మిత్రపురుగును డబ్బు పెట్టి మరీ చంపుకోవడం కంటే పెద్ద నష్టం లేదు. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ శాస్త్రవేత్తలు మొదటి నుంచీ రసాయనాల జోలికి పోవద్దని చెబుతున్నది ఇందుకే.

ఒక రైతు రసాయనం మానేసి, పక్క రైతు నెలకోసారి కొడుతుంటే బదనిక నిలవదు. మానితే ఊరంతా కలిసి మానాలి.

ఇది అయ్యే పనేనా అని అడిగేవారు ఉంటారు. గోదావరి డెల్టాలో ఇలాంటి పని ఏళ్ల తరబడి జరుగుతూనే ఉంది. వరి పొలాల్లో సామూహిక ఎలుకల నిర్మూలన అందరికీ తెలిసిందే. వ్యవసాయ శాఖ మందు ఇస్తుంది, ఊరివాళ్లు ఒకే రోజు గట్ల మీద, కాలువ పోరంబోకులో, ఎవరికీ చెందని చోట కూడా కలుగుల్లో ఎర పెడతారు. ఒక్క చేను వదిలేసినా ఎలుకలు అక్కడ చేరి తిరిగి వస్తాయని ప్రతి రైతుకూ తెలుసు. తెల్లదోమ విషయంలో మాత్రం ఆ ఇంగితాన్ని పక్కన పెట్టారు. ప్రతి తోటకూ విడిగా సలహా ఇచ్చి వదిలేస్తున్నారు.

తోటల కంటే ముందు చూడాల్సినవి పెరళ్లు. కోనసీమలో నాలుగు కొబ్బరి చెట్లు లేని ఇల్లు అరుదు. బడి ఆవరణలో, గుడి వెనక, చెరువు గట్టున, పంచాయతీ స్థలాల్లో ఎన్నో చెట్లు ఉంటాయి. ఆ ఇళ్లవాళ్లలో చాలామంది తమను రైతులుగా అనుకోరు. రైతు సేవా కేంద్రానికి వెళ్లరు, శిక్షణ సమావేశాలకు రారు. ఉద్యాన శాఖ లెక్కలు ఎకరాల్లో ఉంటాయి కాబట్టి ఈ చెట్లు ఎవరి జాబితాలోకీ ఎక్కవు. పురుగుకు మాత్రం అవి చక్కటి ఆశ్రయం. నిజానికి పెరటి చెట్టు దగ్గర పని సులువు. పొట్టి చెట్టయితే మోటారు పైపుతో ఆకుల అడుగున నీళ్లు గట్టిగా కొడితే చాలా పురుగులు రాలిపోతాయి. మసి పట్టిన ఆకుల మీద పలచటి గంజి చల్లితే అది ఎండి, పొరలుగా లేచి మసిని రాల్చేస్తుంది. ఇంటి ఆడవాళ్లు, పిల్లలు కూడా చేయగల పని ఇది. చెప్పేవాళ్లు లేకే జరగడం లేదు.

ఊళ్లో చెట్టు తలను దగ్గర నుంచి చూసేది దింపు కార్మికులు. నెలన్నర, రెండు నెలలకోసారి వాళ్లు ప్రతి చెట్టూ ఎక్కుతారు. కొత్తగా తెల్లటి చుట్టలు ఏ తోటలో పడ్డాయో, ఏ తోటలో తెల్లదోమ కోశాలు నల్లబడ్డాయో వాళ్లకంటే ముందు ఎవరికీ తెలియదు. నల్లబడిన కోశం అంటే లోపల బదనిక ఉందని గుర్తు. అలాంటి ఆకులను కోసి, పెద్ద తెల్లదోమలను దులిపి, కొత్తగా పురుగు పట్టిన తోటలో కట్టి వస్తే బదనిక అక్కడికీ వ్యాపిస్తుంది. దింపు కార్మికులకు ఒక పూట శిక్షణ ఇచ్చి, ఈ పనికి చెట్టు లెక్కన కూలి కట్టిస్తే ఊరికి అంతకు మించిన నిఘా దొరకదు. వాళ్ల కష్టాన్ని ఉచితంగా అడగడం మాత్రం న్యాయం కాదు.

తొలి చూపు విలువేమిటో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో తేలింది. చైనా నుంచి సరుకుల చెక్క పెట్టెల్లో వచ్చిన పొడవు మీసాల పెంకు పురుగును వుస్టర్ నగరంలో 2008లో ఒక ఇంటావిడ తన పెరట్లో చూసి అధికారులకు చెప్పింది. అప్పటికే అది ఏళ్ల తరబడి ఆ నగరంలో పెరుగుతోంది. 30 వేలకు పైగా చెట్లను కొట్టేయాల్సి వచ్చింది. రెండేళ్లకు బోస్టన్‌లో ఒక ఆసుపత్రి ఆవరణలో అదే పురుగు కనబడినప్పుడు పట్టింది ఆరు చెట్లకే. వాటిని తీసేసి, చుట్టుపక్కల గాలించి, 2014లో అక్కడ దాన్ని పూర్తిగా నిర్మూలించినట్టు ప్రకటించారు. రెండు నగరాల మధ్య దూరం గంట ప్రయాణం. పురుగు ఒకటే. ఒకచోట ఆలస్యంగా చూశారు, ఇంకోచోట తొందరగా చూశారు.

కోనసీమలో తెల్లదోమను పూర్తిగా నిర్మూలించే దశ దాటిపోయింది. అదుపులో పెట్టడమే ఇక మార్గం. కానీ ఇది రేపు కొత్త ఊళ్లకు, కొత్త జిల్లాలకు పోకుండా ఆపడం ఇంకా చేతిలోనే ఉంది. తెల్లదోమ తనంతట తాను ఎక్కువ దూరం ఎగరలేదు. మొక్కల మీద, పచ్చి ఆకుల మీద మనుషులే దాన్ని మోసుకెళ్తున్నారు. పెళ్లి పందిళ్లకు, తోరణాలకు పచ్చి మట్టలు ఒక ఊరి నుంచి మరో ఊరికి వెళ్తాయి. బొండాల లారీల్లో సరుకు మీద మట్టలు కప్పుతారు. కడియం నర్సరీల మొక్కలు దేశమంతటికీ వెళ్తాయి. మొక్క కొనేవారు ఆకు తిప్పి చూడడం అలవాటు చేసుకుంటే అమ్మేవారు కూడా జాగ్రత్త పడతారు. పురుగు లేదని ఉద్యాన అధికారి చూసి ధ్రువీకరించిన మొక్కలే లారీ ఎక్కాలని నర్సరీ యజమానులే నియమం పెట్టుకుంటే, కడియం పేరుకు అది మేలే చేస్తుంది.

మిత్రపురుగులతో గెలవగలమా అన్న అనుమానానికి దేశంలోనే జవాబు ఉంది. 2008లో కోయంబత్తూరు దగ్గర బొప్పాయి పిండినల్లి బయటపడింది. బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం తోటలు తుడిచిపెట్టుకుపోయాయి. ఎన్ని రసాయనాలు కొట్టినా లొంగలేదు. 2010లో ప్యూర్టోరికో నుంచి బదనికలను తెప్పించి, పెంచి, రైతుల తోటల్లో వదిలితే కొద్ది నెలల్లోనే పిండినల్లి అదుపులోకి వచ్చింది. బదనికలను వదిలిన చోట రసాయనాలు ఆపడం ఆ విజయంలో ముఖ్యమైన భాగం.

కొబ్బరికీ ఆయుధాలు దగ్గరలోనే ఉన్నాయి. ఇసారియా ఫ్యూమోసోరోసియా అనే శిలీంధ్రం తెల్లదోమకు జబ్బు తెప్పించి చంపుతుంది. లీటరు నీటికి 5 గ్రాముల చొప్పున కలిపి, గాలిలో తేమ ఉన్నప్పుడు, సాయంత్రం పూట ఆకుల అడుగున పిచికారీ చేయాలి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలోని ప్రయోగశాల ఈ శిలీంధ్రాన్ని, తెల్లదోమ పిల్లలను తినే అల్లిక రెక్కల పురుగులను పెంచుతోంది. అయితే ఒక్క ప్రయోగశాల అన్ని ఊళ్లకూ సరిపోదు. ఈ శిలీంధ్రం ఉడికించిన బియ్యం మీద పెరుగుతుంది. శుభ్రత పాటించడం నేర్పి, తల్లి కల్చరు అందిస్తే మండలానికొక మహిళా సంఘం దీన్ని తయారు చేసి చుట్టుపక్కల ఊళ్లకు అమ్మగలదు. పురుగు అదుపులోకి రావడంతో పాటు ఆ సంఘానికి ఆదాయమూ వస్తుంది. పవర్ స్ప్రేయరు ఊరికి ఒకటి ఉంటే చాలు, వంతులవారీగా వాడుకోవచ్చు. కాలువ నీటిని వంతులు వేసుకున్న రైతులకు ఇది కొత్తగా నేర్పాల్సిన పని కాదు.

ఇందుకు పంచాయతీ ముందుకు రావాలి. భారీ వర్షాలకు తెల్లదోమ తగ్గుతుంది, వానలు వెనకబడి ఎండ ముదిరేకొద్దీ పెరుగుతుంది. అంటే పని మొదలుపెట్టాల్సింది వర్షాలు తగ్గుముఖం పట్టగానే. అక్టోబరు 2న జరిగే గ్రామసభలో కొబ్బరి ఊళ్లన్నీ దీన్ని చర్చకు పెట్టాలి. పెరళ్లతో, బడి, గుడి స్థలాలతో సహా ఊళ్లోని కొబ్బరి చెట్ల జాబితా రాయించాలి. దింపు కార్మికుల కూలికి, స్ప్రేయరుకు నిధులు కేటాయించాలి. తెల్లదోమకు రసాయనాలు కొట్టబోమని ఊరంతా కలిసి తీర్మానం చేయాలి. ఆ తీర్మానం ప్రతిని ఉద్యాన శాఖకు పంపి, శిలీంధ్రం ఎన్ని కిలోలు కావాలో, శిక్షణ ఏ తేదీన కావాలో రాతపూర్వకంగా అడగాలి.

— ఒక పాఠకుడు, కోనసీమ