పక్షుల పుస్తకం అడిగితే ఏ పుస్తకం చెప్పాలి?

బిలాస్‌పుర్ నగరంలోని కుదుదండ్‌లో ఒక తెలుగు రైల్వే కుటుంబం ఉందనుకుందాం. తొమ్మిదో తరగతి చదివే అమ్మాయికి ఈ మధ్య పక్షుల మీద ధ్యాస పడింది. పొద్దున్నే మేడెక్కుతుంది, కరెంటు తీగల మీద వాలిన ప్రతి పిట్టనూ చూస్తుంది, పేరేమిటని ఇంట్లో అందరినీ అడుగుతుంది. విసిగిపోయిన తండ్రి మంచి పుస్తకం ఒకటి కొనిద్దామని, పక్షుల సంగతి బాగా తెలిసిన సహోద్యోగిని సలహా అడుగుతాడు. ఆయన క్షణం కూడా ఆలోచించకుండా, దొరికేవాటిలోకెల్లా సమగ్రమైన గ్రంథం పేరు చెబుతాడు. పుస్తకం వస్తుంది. రెండు వారాలు తిరగకుండానే అల్మరాలోకి చేరుతుంది.

ఇలాంటి ఇళ్లు ఒకటీ రెండూ కావు. పుస్తకం మంచిది కాకపోవడం వల్ల ఇలా జరగదు. రిచర్డ్ గ్రిమెట్, కరోల్ ఇన్‌స్కిప్, టిమ్ ఇన్‌స్కిప్ కలిసి రాసిన భారత ఉపఖండపు పక్షుల గైడునే తీసుకోండి. అనుభవమున్న పక్షి ప్రేమికులు దాన్ని సంచిలో పెట్టుకోకుండా బయల్దేరరు. అందులో 1,300కు పైగా జాతులున్నాయి. హిమాలయాల నెమళ్ల బంధువులు, అండమాన్ పావురాలు, శ్రీలంకలో తప్ప ఎక్కడా కనిపించని పిట్టలు అన్నీ పక్కపక్కనే ఉంటాయి. పిట్టల కుటుంబాల వరుసలో పేజీలు సాగుతాయి. చూసిన పక్షి ఏ కుటుంబానిదో ముందే తెలిసినవారికి ఆ వరుస గొప్ప సౌకర్యం. తెలియనివారికి అది తాళంచెవి లోపల పెట్టి తాళం వేసిన పెట్టె. మేడ మీద చూసిన బూడిదరంగు పిట్ట కోసం పుస్తకం తెరిస్తే అలాంటివే ఇరవై బొమ్మలు కనిపిస్తాయి. ఇది కాదు, ఇది కాదు అని ఒక్కొక్కటీ తీసేస్తూ పోతే తప్ప ఆ పుస్తకం జవాబు చెప్పదు. అలా తీసేయడానికి కావలసిన అనుభవమే కొత్తవారి దగ్గర ఉండదు.

నిపుణులు ఈ పొరపాటు ఎందుకు చేస్తారో అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. తమకు ఇవాళ ఉపయోగపడుతున్న పుస్తకం పేరు చెబుతారు, తాము మొదలుపెట్టిన రోజున ఉపయోగపడినది కాదు. పైగా చిన్న పుస్తకం పేరు చెబితే తమ పాండిత్యానికి తక్కువని కూడా కొందరికి ఉంటుంది. టెలిస్కోపు కొన్న మర్నాడే కుర్రవాడి చేతిలో మూడు సంపుటాల బర్న్‌హామ్ ఖగోళ గ్రంథం పెట్టేవారిదీ ఇదే తీరు.

దీనికి భిన్నంగా సలహా ఇచ్చిన ఒకాయన కథ భారతీయ పక్షి శాస్త్ర చరిత్రలోనే ఉంది. 1908లో ముంబయిలో ఒక పిల్లవాడు తాను కొట్టిన పిచ్చుక మెడ మీద పసుపు మచ్చ చూసి ఆశ్చర్యపోయాడు. అది ఏ పిట్టో తెలుసుకునేందుకు మేనమామ అతణ్ణి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపాడు. అక్కడి గౌరవ కార్యదర్శి డబ్ల్యూ. ఎస్. మిలార్డ్ ఆ పిట్టను గుర్తుపట్టి, సొరుగులు తెరిచి సొసైటీ భద్రపరచిన పక్షుల నమూనాలు చూపించాడు. వెళ్లేటప్పుడు చదువుకోమని కొన్ని పుస్తకాలు ఇచ్చాడు. ఆ పిల్లవాడు సలీం అలీ. ఇచ్చిన పుస్తకాల్లో ఒకటి, ‘ఇహా’ అనే కలం పేరుతో ఎడ్వర్డ్ హామిల్టన్ ఐట్కిన్ రాసిన ‘కామన్ బర్డ్స్ ఆఫ్ బాంబే’.

ఓట్స్, బ్లాన్‌ఫోర్డ్ రాసిన నాలుగు సంపుటాల బ్రిటిష్ ఇండియా పక్షుల గ్రంథం అప్పటికి పదేళ్ల కిందటే పూర్తయింది. మిలార్డ్‌కు అది తెలియకుండా ఉండే అవకాశం లేదు. అయినా పిల్లవాడి చేతికి వచ్చినవాటిలో అతని ఊరి పక్షుల పుస్తకం ఉంది. ఆ పుస్తకంలోని పిట్టల్ని చూడటానికి అతను రైలెక్కనక్కర్లేదు, కిటికీ తెరిస్తే చాలు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఇహా పుస్తకం పిల్లల పుస్తకం కాదు. పెద్దల కోసం, చమత్కారంగా, నిశితమైన పరిశీలనతో రాసినది. పరిధి చిన్నదే గానీ లోతు తక్కువ కాదు. మన దగ్గర ‘ప్రారంభకుల కోసం’ అనగానే రంగురంగుల బొమ్మలు, బొమ్మ కింద రెండు ముక్కలు ఉన్న పుస్తకం అంటగడతారు. దానితోనూ పని జరగదు. పిట్ట పేరు చెప్పి ఊరుకునే పుస్తకం చూసే కన్నుకు ఏమీ నేర్పదు. కావలసింది జాతులు తక్కువగా ఉండి, ఒక్కో జాతి గురించి ఎక్కువ చెప్పే పుస్తకం.

ఆ లెక్కన చూస్తే కుదుదండ్ అమ్మాయికి చెప్పదగిన మొదటి పుస్తకాలు ఖరీదైనవేమీ కావు. సలీం అలీ, లయీక్ ఫతేహల్లీ రాసిన ‘కామన్ బర్డ్స్’ను నేషనల్ బుక్ ట్రస్ట్ 1967లో వెలువరించింది. అదే సంస్థ పిల్లల కోసం వేసిన జమాల్ ఆరా ‘వాచింగ్ బర్డ్స్’ 1970 నాటిది. జమాల్ ఆరా పక్షుల్ని చూసింది ఎక్కువగా ఛోటానాగ్‌పుర్ అడవుల్లో. ఆ నేల, అక్కడి సాల వృక్షాలు, చెరువులు బిలాస్‌పుర్‌కు పరాయివి కావు. ఊరికి దగ్గరి నేలను ఎరిగిన రచయిత అన్న ఒక్క కారణం చాలు, ఎంతో అందంగా అచ్చయిన విదేశీ పుస్తకం కన్నా దీన్ని ముందు చెప్పడానికి.

‘మన రాష్ట్రం పక్షులు’ అనే మాట కూడా కొన్నిసార్లు దారి తప్పిస్తుంది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి పహాడీ మైనా, అంటే కొండ గోరింక. జనరల్ నాలెడ్జ్ పుస్తకాలన్నిటిలో ఉంటుంది. దాని కోసం బిలాస్‌పుర్ మేడల మీద వెతికితే కళ్లు కాయలు కాయడమే మిగులుతుంది. అది రాష్ట్రానికి దక్షిణాన బస్తర్ అడవుల పక్షి. మేడ మీద వాలేది మామూలు గోరింక.

తర్వాతి చిక్కు భాషది. పుస్తకాలు సిఫారసు చేసేవారు దాదాపుగా పట్టించుకోని సంగతి ఇది. బిలాస్‌పుర్‌లోని చాలా తెలుగు కుటుంబాల చరిత్ర రైలు పట్టాల వెంటే నడిచింది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే బిలాస్‌పుర్‌ను తన మార్గంలో కలుపుకుంది. 1902లో వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న తీర మార్గమూ అదే కంపెనీ చేతికి వచ్చింది. కంపెనీ ఒకటే కావడంతో ఉత్తరాంధ్ర మనుషులు ఉద్యోగాల మీద ఇటు వచ్చారు, ఇక్కడే స్థిరపడ్డారు. మూడో తరం, నాలుగో తరం పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో హిందీ చదువుతారు, సైన్సు ఇంగ్లీషులో నేర్చుకుంటారు. నాయనమ్మ పాలపిట్ట అన్నది పక్కింటివారికి నీల్‌కంఠ్, పుస్తకంలో ఇండియన్ రోలర్. తీతువు పిట్ట వీధిలో టిటహరీ, పుస్తకంలో రెడ్ వాటిల్డ్ లాప్‌వింగ్. మూడు పేర్లూ ఒకే పిట్టవని చెప్పే వారధి లేకపోతే నాయనమ్మకు తెలిసినదంతా పుస్తకానికి బయటే ఉండిపోతుంది. ఆ పిట్ట ఎప్పుడు అరుస్తుంది, గూడు ఎక్కడ పెడుతుంది, దసరా నాడు దాన్ని ఎందుకు చూడాలంటారు అన్నవి ఆమెకు తెలుసు. లాప్‌వింగ్ అంటే మాత్రం ఆమె నోరు విప్పదు.

ఈ వారధి ఒక పాత పుస్తకంలో ఉంది, దాని పేరు చెబితే చాలామంది నవ్వుతారు. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన థామస్ జెర్డన్ 1862-64 మధ్య వెలువరించిన ‘ది బర్డ్స్ ఆఫ్ ఇండియా’. శాస్త్రీయ నామాలు చాలా వరకు మారిపోయాయి, బొమ్మలు లేవు, భాష పాతది. కానీ ఎన్నో జాతుల దగ్గర హిందీ పేరు, తెలుగు పేరు విడివిడిగా ఇచ్చాడు. ఇంటర్నెట్లో ఉచితంగా దొరుకుతుంది. గుర్తింపు కోసం ఎవరికీ చెప్పకూడని ఈ పుస్తకం, పేర్ల కోసం మాత్రం తెలుగువారికి, అందులోనూ హిందీ నేల మీది తెలుగువారికి, తప్పక చెప్పవలసినది.

స్థానిక పేరుకు ఎంత విలువ ఉందో జెర్డన్ పేరునే మోస్తున్న ఒక పక్షి చూపించింది. జెర్డన్స్ కోర్సర్ 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. శాస్త్రవేత్తలు దాన్ని అంతరించిన వాటిలో చేర్చేశారు. 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం ప్రాంతంలోని రెడ్డిపల్లి దగ్గర అది మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ చేసిన వెతుకులాట ఫలించడానికి తోడ్పడింది అక్కడ పిట్టలు పట్టే స్థానికుడు. పుస్తకాల్లో లేకుండా పోయిన పక్షికి అక్కడ పేరుంది: కలివికోడి. కలివి పొదల్లో తిరిగేది కనుక ఆ పేరు.

పాత పుస్తకాలు చెప్పేటప్పుడు హెచ్చరిక కూడా చేర్చాలి, ఇది మొహమాటపడే విషయం కాదు. సలీం అలీ ‘ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’ మొదటి ముద్రణ 1941లో వచ్చింది. దాని పాత ప్రతులు సెకండ్ హ్యాండ్ దుకాణాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి, కొనదగినవే. కానీ పాత పుస్తకాల్లో గోల్డెన్ ఓరియోల్ ఒకటే జాతి. ఇప్పుడు మన దగ్గరి వంగపండు పిట్టను ఇండియన్ గోల్డెన్ ఓరియోల్‌గా వేరు చేశారు. కంటి దగ్గరి నల్లని చార కంటి వెనక్కి కూడా సాగితే అది మనది. పాత పుస్తకం పట్టుకున్న పిల్లవాడు తప్పేమీ చూడలేదు, పేరు మాత్రం మారింది. ఆ ఒక్క ముక్క ముందే చెప్పకపోతే అతను తన కళ్లనే అనుమానిస్తాడు.

ఇదంతా కాలక్షేపం వ్యవహారమే కదా, ఏ పుస్తకమైతేనేం అనుకోవడానికి ఇప్పుడు వీల్లేదు. 2023లో వచ్చిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక 942 జాతుల స్థితిని అంచనా వేసింది. దానికి ఆధారం సుమారు 30,000 మంది పక్షి పరిశీలకులు ఈబర్డ్‌లో నమోదు చేసిన 3 కోట్ల పరిశీలనలు. వారిలో ఎక్కువమంది జీతం తీసుకునే శాస్త్రవేత్తలు కారు, సెలవు రోజున బైనాక్యులర్స్ పట్టుకుని బయల్దేరేవారే. ఏ జాతి తగ్గిపోతోంది, దేన్ని ముందు కాపాడాలి అన్న లెక్క అభిరుచి కొద్దీ చూసినవారి నోటుబుక్కుల నుంచి వస్తోంది. అనుమానాస్పదమైన నమోదును ఈబర్డ్‌లో సమీక్షకులు పట్టుకుంటారు. కానీ ఆ ప్రాంతంలో ఉండదగిన ఒక పిట్టను ఉండదగిన మరో పిట్టగా రాస్తే పట్టుకోవడం కష్టం.

మెర్లిన్ లాంటి యాప్ ఉండగా పుస్తకం దేనికి అని అడిగేవారున్నారు. ఫొటో చూపితే పేరు చెబుతుంది, కూత వినిపిస్తే గుర్తుపడుతుంది, అది నిజంగా మేలైన పనిముట్టే. అయితే అది జవాబు ఇచ్చేటప్పుడు పిల్లవాడు చూడటం ఆపేస్తాడు. ఫలానా పిట్ట కాకుండా ఇదే ఎందుకైంది అన్న సంగతి మంచి పుస్తకం విడమరిచి చెబుతుంది. యాప్ తప్పు చెప్పినప్పుడు అనుమానం రావాలంటే ఆ సంగతి తెలిసి ఉండాలి.

మరి పెద్ద పుస్తకం ఎప్పుడు? అడిగేవారి ప్రశ్నే చెబుతుంది. బిలాస్‌పుర్ జిల్లాలోని కోప్రా జలాశయానికి 2025 డిసెంబరులో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, ఛత్తీస్‌గఢ్‌కు అదే మొదటిది. చలికాలంలో అలాంటి జలాశయాల మీద వలస బాతులు దిగుతాయి. మగవాటిని ఎవరైనా చెప్పగలరు. ఆడవి అన్నీ మట్టిరంగే. ముక్కు పక్కల నారింజరంగు, రెక్కలో తెల్లని మచ్చ ఉంటే ఆడ గాడ్వాల్. బూడిదరంగు ముక్కు, పొడుగు మెడ, మొనదేలిన తోక ఉంటే ఆడ పిన్‌టెయిల్. ‘ఈ రెండిటికీ తేడా ఏమిటి’ అని అడిగిన రోజున గ్రిమెట్, ఇన్‌స్కిప్‌ల గైడు చేతికివ్వాలి. ‘ఇవి ఇక్కడ ఏం తింటాయి, తిరిగి ఎక్కడికి పోతాయి’ అని అడిగితే సలీం అలీ, డిల్లన్ రిప్లీ 1968-74 మధ్య పది సంపుటాలుగా వెలువరించిన హ్యాండ్‌బుక్ వైపు చూపించాలి. కొనమని కాదు, పెద్ద గ్రంథాలయంలో కూర్చుని ఆ కొద్ది పేజీలు చదువుకోమని. పది సంపుటాలూ వరుసగా చదివే పుస్తకం కాదది, చదవనక్కర్లేదని చెప్పడమూ సిఫారసులో భాగమే.

ఆ తర్వాత కూడా ఆసక్తి తగ్గనివారికి చెప్పవలసింది పుస్తకం కూడా కాదు, ఒక జాబితా. నాగ్‌పుర్ మ్యూజియంలో పనిచేసిన ఇ. ఎ. డబ్రూ 1935లో సెంట్రల్ ప్రావిన్సుల పక్షుల జాబితాను బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్‌లో ప్రచురించాడు. బిలాస్‌పుర్ అప్పుడు ఆ ప్రావిన్సుల్లోనిదే. మూడు నాలుగేళ్ల సొంత నోటుబుక్కు ఉన్నవారు ఆ జాబితా పక్కన దాన్ని పెట్టుకుని, అందులో ఉండి తమకు ఇంతవరకూ కనిపించనివి ఏవో పెన్సిలుతో గుర్తు పెట్టుకోవచ్చు. వచ్చే చలికాలం ఎక్కడికి వెళ్లాలో, ఏ పొదల దగ్గర కూర్చోవాలో ఆ గుర్తులే చెబుతాయి.