తలుపులు తెరిచే వేళ

ప్రాచీన కావ్యాలలో ఒక సంప్రదాయ వర్ణన కనిపిస్తుంది. వరుడో, విజేతయైన రాజో నగరప్రవేశం చేస్తున్నాడని తెలియగానే పురస్త్రీలు చేస్తున్న పనులు విడిచి గవాక్షాల వద్దకు పరుగులు తీస్తారు. అలంకరణ సగంలో ఆగిపోతుంది. కట్టిన కొప్పు జారిపోతుంది. కాళిదాసు ఈ ఘట్టాన్ని రఘువంశంలోనూ, కుమారసంభవంలోనూ వర్ణించాడు. తరువాతి కవులు ఆ మార్గాన్ని ఆదరించారు. రానున్న వింత కంటె దానిని చూడాలనే ఆరాటమే మనిషిని ఎక్కువగా కదిలిస్తుందని ఆ కవులు గ్రహించారు. ఆ ఆరాటంలో ఒళ్ళు తెలియని స్థితి ఉంటుందన్న సంగతిని కూడా వారు విస్మరించలేదు.

నేడు ఆ గవాక్షాలు లేవు. ఆరాటం మాత్రం అలాగే ఉంది. అభిమాన నటుని చిత్రం విడుదలైన నాడు టికెట్ల కిటికీ వద్ద కనిపించేది అదే. తిరునాళ్ళలో రథం కదిలే క్షణాన కనిపించేదీ అదే. ఆ ఆరాటాన్ని ముందుగా అంచనా వేసి, పెంచి పోషించి, వ్యాపారంగా మలచుకొన్న స్థలాలు వినోదోద్యానాలు. వీటినే థీమ్ పార్కులు అంటారు. ఒక కథను గాని, ఒక ఊహాలోకాన్ని గాని ఆధారంగా గ్రహించి, వీధులు, భవనాలు, వాహనాలు, చివరకు తినుబండారాలను సైతం దానికి అనుగుణంగా తీర్చిదిద్దడం వీటి ప్రత్యేకత.

అటువంటి ఉద్యానంలో ఒక కొత్త ప్రాంతం ప్రారంభం కానున్నదంటే నెలల ముందునుంచే రెండు ప్రశ్నలు తలెత్తుతాయి. అక్కడ ఎటువంటి వింతలుంటాయి? ఎంతమంది జనం వస్తారు? మొదటి ప్రశ్న ఆనందానికి సంబంధించినది. రెండవది బాధ్యతకు సంబంధించినది. మొదటి ప్రశ్నకు సమాధానంగా కోట్ల ధనం వెచ్చించేవారు రెండవ ప్రశ్న విషయంలో కూడా అంత శ్రద్ధ చూపవలసి ఉంటుంది. పిలిచినవాడే పీట వేయాలన్నది మన ఇళ్ళలోని మర్యాద. వేలాది మందిని పిలిచే సంస్థలకు కూడా అదే మర్యాద వర్తిస్తుంది. కొన్ని ప్రారంభోత్సవాల చరిత్రను పరిశీలిస్తే ఈ విషయం స్పష్టమవుతుంది.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో అనహైమ్ అనే పట్టణం ఉంది. అక్కడి నారింజ తోటల స్థానంలో వాల్ట్ డిస్నీ ఒక వినోదోద్యానాన్ని నిర్మించాడు. నిర్మాణం ఒక్క సంవత్సరంలో ముగిసింది. 1955 జూలై 17న డిస్నీలాండ్ తలుపులు తెరుచుకొన్నాయి. ఆనాటి ప్రవేశం ఆహ్వానితులకు మాత్రమే పరిమితం. అయితే నకిలీ టికెట్లు విరివిగా పుట్టుకొచ్చాయి. ఒక వ్యక్తి ప్రహరీకి నిచ్చెన వేసి, తలకు 5 డాలర్లు తీసుకొని జనాన్ని లోపలికి దింపాడని కూడా చెబుతారు. ఫలితంగా నిర్వాహకులు ఎదురుచూసినదానికి ఎంతో మించి, దాదాపు 28 వేల మంది లోపలికి చేరారు. ఎండ మండిపోయింది. కొత్తగా వేసిన తారు మెత్తబడి స్త్రీల పాదరక్షల మడమలు అందులో దిగబడ్డాయి. ఆహారపదార్థాలు నిండుకొన్నాయి. అంతకుముందు కుళాయిల పనివారు సమ్మె చేసినందువల్ల తాగునీటి కుళాయిలు, మరుగుదొడ్లు రెండూ సకాలంలో పూర్తికాలేదు. ఏదో ఒకటి ఎంచుకోక తప్పనప్పుడు డిస్నీ మరుగుదొడ్లను ఎంచుకొన్నాడు. శీతల పానీయాలు అమ్ముకోవడానికే నీళ్ళు లేకుండా చేశారని జనం నిందించారు. ఈ వేడుక అంతా టెలివిజన్‌లో ప్రత్యక్షంగా ప్రసారమైంది. సంస్థలోని వారు ఆ రోజును చాలాకాలం 'నల్ల ఆదివారం' అని పిలుచుకొన్నారు.

అయినప్పటికీ రెండు నెలలు తిరగకముందే ఆ ఉద్యానాన్ని పది లక్షల మంది సందర్శించారు. దీనిని బట్టి జనం ఎంత క్షమాశీలురో తెలుస్తుంది. అయితే జనం క్షమించారన్న కారణంగా తొలినాటి లోపాన్ని చిన్నదిగా భావించరాదు. దాహంతో అల్లాడిన పసిబిడ్డకు ఆ ఉద్యానంలోని కోట ఎంత అందమైనదైనా ఏమి ప్రయోజనం? వింతలను సిద్ధం చేసినంత శ్రద్ధగా నీటిని సిద్ధం చేయకపోవడమే ఆనాటి అసలు లోపం.

ఇక రెండవ ఉదాహరణ. 2010 జూన్ 18న ఫ్లోరిడా రాష్ట్రంలోని ఓర్లాండో నగరంలో యూనివర్సల్ సంస్థ తన ఉద్యానంలో హ్యారీ పోటర్ కథాలోకాన్ని ప్రారంభించింది. పిల్లలు పుస్తకాలలో చదివి ఊహించుకొన్న హాగ్వార్ట్స్ కోట, మంచు కప్పిన పైకప్పుల దుకాణాలు, మంత్రదండాల అంగడి, బటర్‌బీర్ అనే తీపి పానీయం అక్కడ కళ్ళెదుట నిలిచాయి. తెల్లవారకముందే జనం బారులు తీరారు. ఆ ప్రాంతంలో అడుగు పెట్టడానికే గంటల తరబడి నిలబడవలసి వచ్చింది.

నిర్మాతలు అక్కడ ఒక మంచి ఆలోచన చేశారు. ప్రధాన ఆకర్షణ వద్ద వరుసను ఆరుబయట వదిలివేయక కోట లోపలి గదుల గుండా నడిపించారు. ఆ గోడలపై మాట్లాడే చిత్తరువులున్నాయి. ప్రధానోపాధ్యాయుని గది ఉంది. కాబట్టి వేచి ఉండడం కూడా వినోదంలో ఒక భాగమైంది. డేవిడ్ మైస్టర్ అనే విద్వాంసుడు 1985లోనే వరుసలలో నిలిచే మనుషుల మనస్తత్వాన్ని గురించి వ్రాశాడు. ఏ పనీ లేని నిరీక్షణ దీర్ఘంగా తోస్తుంది. ఎంతసేపో తెలియని నిరీక్షణ మరింత దీర్ఘంగా తోస్తుంది. అన్యాయంగా తోచిన నిరీక్షణ కూడా అటువంటిదే. ఆయన చెప్పిన ఈ సూత్రాలు రేషన్ దుకాణం వద్ద నిలబడినవారికి పుస్తకం చదవకుండానే తెలుసు. అయినా ఏర్పాట్లు చేసేవారు వాటిని తరచుగా మరచిపోతారు.

జనం వస్తారని భయపడి అతిగా జాగ్రత్త పడినా చిక్కే. దీనికి 2019 నాటి ఉదంతం సాక్ష్యం. డిస్నీలాండ్‌లో సుమారు 14 ఎకరాలలో 'స్టార్ వార్స్: గెలాక్సీస్ ఎడ్జ్' అనే కొత్త ప్రాంతం ఆ ఏడాది మే 31న ప్రారంభమైంది. 1977లో మొదలైన స్టార్ వార్స్ చిత్రాలలోని ఒక దూర గ్రహం మీది అంగడివీధిగా దానిని నిర్మించారు. వెండితెరపై చూసిన అంతరిక్ష నౌక నిజమైన పరిమాణంలో అక్కడ నిలిచింది. దానిని నడిపే అనుభూతిని ఇచ్చే ఆకర్షణలో ఒకేసారి ఆరుగురు కూర్చొని తలా ఒక బాధ్యత వహించవచ్చు. చిత్రంలోని పాత్రలు తాగే నీలిరంగు పాలను కూడా అక్కడ అమ్మకానికి పెట్టారు.

ఊహకందని జనసమ్మర్దం ఉంటుందని నెలల ముందునుంచే ప్రచారం జరిగింది. అందువల్ల తొలి మూడు వారాలకు పైగా, జూన్ 23 వరకు, ముందుగా పేరు నమోదు చేసుకొన్నవారికే నాలుగు గంటల గడువుతో ప్రవేశం కల్పించారు. ఆ ఏర్పాటు చక్కగా పనిచేసింది. తోపులాటలు జరగలేదు. అయితే అనుకోని పరిణామం మరొకటి సంభవించింది. ఆ త్రైమాసికంలో అమెరికాలోని డిస్నీ ఉద్యానాల సందర్శకుల సంఖ్య అంతకుముందటి సంవత్సరంతో పోలిస్తే 3 శాతం తగ్గింది. రద్దీకి జంకి కొందరు రాక మానుకొన్నారనీ, రద్దీని ఊహించి చుట్టుపక్కల వసతిగృహాలు ధరలు పెంచాయనీ సంస్థ అధిపతి బాబ్ ఐగర్ ఆ ఆగస్టులో వివరించాడు. 'నాన్నా పులి' కథలో పదేపదే అరిచిన పిల్లవాని మాటను చివరకు ఎవరూ నమ్మలేదు. ఇక్కడ పులి వస్తుందన్న కేకను అందరూ నమ్మారు. రానిది పులే.

కాబట్టి అంచనా అనేది రెండంచుల కత్తి వంటిది. తక్కువగా అంచనా వేస్తే జనం నలిగిపోతారు. ఎక్కువగా చాటితే జనం దూరమవుతారు. ఈ రెండింటి నడుమ ఉన్న మార్గం సత్యం చెప్పడం. లెక్క కష్టమైనది కాదు. గంటకు వెయ్యి మందిని మాత్రమే మోయగల ఆకర్షణ వద్ద ఆరు వేల మంది నిలబడితే చివరివానికి ఆరు గంటలు పడుతుంది. ఆ మాటను వరుస మొదట్లోనే స్పష్టంగా వ్రాసి పెడితే ఉండాలో వెళ్ళాలో అతడే నిర్ణయించుకొంటాడు. తెలిసి వేచి ఉండడం సహనం. తెలియక వేచి ఉండడం శిక్ష.

ఆ ప్రాంతంలోని రెండవ పెద్ద ఆకర్షణ 2020 జనవరి 17న ప్రారంభమైనప్పుడు నిర్వాహకులు నిలువు వరుసను తొలగించి, సెల్‌ఫోన్ ద్వారా వంతు కేటాయించే పద్ధతిని పాటించారు. జనానికి కాళ్ళనొప్పులు తప్పాయి. అయితే ఉద్యానం తెరిచిన కొద్ది నిమిషాలకే వంతులన్నీ అయిపోయేవి. ఫోను వాడకంలో నేర్పరులైనవారు ముందుకు వెళ్ళగా, వృద్ధులు, ఆ విద్య తెలియనివారు వెనుకబడ్డారు. పాత కష్టం పోయి కొత్త కష్టం వచ్చింది.

ధనం విషయం కూడా ఇటువంటిదే. డిస్నీ ఉద్యానాలలో 1999లో ముందుగా సమయం కేటాయించుకొనే సదుపాయాన్ని ఉచితంగా ప్రవేశపెట్టారు. 2021లో దాని స్థానంలో రుసుము చెల్లించే పద్ధతి వచ్చింది. సంస్థకు నిర్వహణ వ్యయం ఉంటుంది, ఇష్టమైనవారు చెల్లిస్తారు, ఇందులో తప్పేమున్నదని కొందరు వాదించవచ్చు. ఆ వాదనలో కొంత న్యాయం లేకపోలేదు. అయితే వరుసకు ఒక సహజ ధర్మం ఉంది. అందులో ముందు వచ్చినవాడు ముందు, వెనుక వచ్చినవాడు వెనుక. అక్కడ కులం, హోదా, ధనం అడగరు. ఒకని వంతును మరొకడు కొనుక్కొన్నప్పుడు ఆ ధర్మం సడలుతుంది. రెండు వరుసలు తప్పనిసరి అయిన చోట ఉచిత వరుసలో ఉన్నవాని సమయానికి కనీస రక్షణ కల్పించడం నిర్వాహకుల విధి.

ఇదంతా ఎక్కడో సముద్రాల అవతలి వినోదం గురించిన చర్చ అని తెలుగువారు తోసిపుచ్చడానికి వీలులేదు. విహారానికి వచ్చిన జనమైనా, భక్తితో వచ్చిన జనమైనా ఇరుకు దారిలో ఒకే తీరుగా నలుగుతారు. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించినప్పుడు గోదావరికి పుష్కరాలు వస్తాయి. పన్నెండు సంవత్సరాల ముందే తెలిసిన పండుగ అది. అయినా 2015 జూలై 14న, తొలినాటి ఉదయమే రాజమండ్రిలోని పుష్కర ఘాట్ వద్ద తొక్కిసలాటలో పాతిక మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వైకుంఠ ఏకాదశి తిథి ఏడాది ముందే పంచాంగంలో అచ్చవుతుంది. అయినా 2025 జనవరి 8న తిరుపతిలో ఆ పర్వదిన దర్శనపు టోకెన్ల కోసం వేచి ఉన్నవారిలో ఆరుగురు మరణించారు. వేచి ఉండడం అనేది విసుగు కలిగించే చిన్న విషయమని భావించేవారికి ఈ రెండు తేదీలే సమాధానం. ఇల్లు కాలుతుండగా బావి తవ్వడం మన సామెతలో పరిహాసం. తేదీ తెలిసిన జనప్రవాహానికి ముందుగా దారి వేయకపోవడం పరిహాసం స్థాయిని దాటిన అపరాధం.

వచ్చేవారికి కూడా ధర్మాలున్నాయి. అందరికంటె ముందు చూడాలనే తపన సహజమే. కాని మొదటి రోజు చూసిన కోట నెల తరువాత చూసినా అదే కోట. ముందున్నవారిని తోయకపోవడం, పిల్లలకూ వృద్ధులకూ చోటు విడవడం, ప్రకటనలను శ్రద్ధగా వినడం నాగరికతకు చిహ్నాలు. అయితే ఒక మాట మరువరాదు. వేలాది జనంలో చిక్కుకొన్న ఒంటరి మనిషికి ముందేమి జరుగుతున్నదో కనిపించదు. వెనుకనుంచి వచ్చే ఒత్తిడిని అతడు ఆపలేడు. అందువల్ల జనం క్రమశిక్షణ తప్పారన్న నెపంతో ఏర్పాట్ల లోపాన్ని కప్పిపుచ్చడం న్యాయం కాదు.

నేటి విద్యార్థులలో కొందరు రేపు ఇంజనీర్లు కావచ్చు, అధికారులు కావచ్చు, ఏదో ఒక ఉత్సవానికి నిర్వాహకులు కావచ్చు. కళాశాల వార్షికోత్సవంలో ద్వారం వద్ద నిలిచే కార్యకర్త బాధ్యత కూడా ఇటువంటిదే. ప్రాచీన కవి గవాక్షం వద్దకు పరుగెత్తే స్త్రీ ఉత్సాహాన్ని చూసి ముచ్చటపడ్డాడు. నేటి నిర్వాహకుడు ఆ ముచ్చటతో ఆగిపోరాదు. ఆమె పరుగెత్తే దారిలో మెట్లు సరిగా ఉన్నాయో లేదో చూడాలి, దాహానికి నీరు ఉంచాలి, ఎంతసేపు వేచి ఉండాలో నిజం చెప్పాలి. వేడుకకు వచ్చిన ప్రతి ఒక్కరూ క్షేమంగా ఇల్లు చేరిన నాడే తలుపులు తెరిచినవాని పని పూర్తయినట్లు.